డీ డ్రైవ్‌లో కాపీ ఉంటే సరిపోదు

నమస్కారం. కర్నూలు నగరంలోనూ, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోనూ చిన్న వ్యాపారాల కంప్యూటర్లను చూసుకోవడం నా వృత్తి. నేను ఏ సంస్థకూ ఉద్యోగిని కాను. ఎరువుల దుకాణాలు, మందుల షాపులు, పత్తి కమిషన్ మండీలు, ఆడిటర్ల కార్యాలయాలు నాతో నేరుగా ఏడాదికొక ఒప్పందం చేసుకుంటాయి. ఈ వృత్తిలో నన్ను పదే పదే బాధపెట్టే మాట ఒకటుంది. కంప్యూటర్ తెరుచుకోవడం లేదని పిలిచిన చోటికి వెళ్లి, లెక్కల కాపీ ఎక్కడ ఉందని అడిగినప్పుడు, యజమాని ఎంతో నిశ్చింతగా, "డీ డ్రైవ్‌లో పెట్టినాం కదన్నా" అంటారు. ఆ నిశ్చింతకు ఆధారం ఎందుకు లేదో ఈ వీడియోలో వివరిస్తాను.

[తెరపై: ఒకే డిస్కును సీ, డీ, ఈ అని మూడు భాగాలుగా చూపే బొమ్మ]

చాలా దుకాణాల కంప్యూటర్లలో సీ, డీ అనేవి రెండు వేర్వేరు పరికరాలు కావు. ఒకే డిస్కును పంచిన రెండు వాటాలు. విండోస్ చెడిపోయి మళ్లీ ఎక్కించవలసి వచ్చినప్పుడు సీ తుడిచిపెట్టుకుపోయినా డీ మిగులుతుంది కాబట్టి, లెక్కలు డీలో దాచమని పాతరోజుల్లో మెకానిక్కులు చెప్పేవారు. ఆ సలహా ఆ ఒక్క సందర్భానికి సరైనదే. అయితే డిస్కే కాలిపోతే, కంప్యూటరే దొంగల పాలైతే, రెండు వాటాలూ కలిసే పోతాయి.

మన పత్తికొండ, ఆలూరు వైపు వేరుశనగ రైతును తలచుకోండి. పంట ఇంటికి రాగానే వచ్చే పంటకాలానికి విత్తనపు కాయలను వేరు చేసి, అమ్మకపు కుప్పలో కలవకుండా మరో చోట భద్రపరుస్తాడు. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ఆ గోతాల జోలికి వెళ్లడానికి మనసొప్పదు. ఎందుకంటే అమ్మకపు కాయలు పోతే ఆ ఏటి ఆదాయం మాత్రమే పోతుంది, విత్తనం పోతే మరుసటి ఏడు సాగే నిలిచిపోతుంది. వ్యాపారి కంప్యూటర్‌లోని లెక్కల కాపీకి నేను ఇచ్చే స్థానం సరిగ్గా అదే. డీ డ్రైవ్‌లో కాపీ పెట్టడమంటే, విత్తనపు కాయలను అమ్మకపు కుప్పలోనే ఒక పక్కకు తోసి, మధ్యలో చాప అడ్డం పెట్టడమే.

ఆ కుప్పలున్న కొట్టం మీదికి వరద వచ్చిందనుకోండి. కర్నూలు వారికి ఇది ఊహించవలసిన సంగతి కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల నీరు నగరంలోకి వచ్చి పాతబస్తీని ముంచెత్తింది. అంతటి నీరు వచ్చినప్పుడు బల్ల మీది కంప్యూటరూ, దాని పక్క సొరుగులోని పెన్‌డ్రైవూ, అరలోని కాగితపు లెక్కలూ ఒకే గంటలో ఒకే నీటిలో మునుగుతాయి. అందుకే ఒక కాపీ దుకాణం గోడలకు బయట, వీలైతే మరో ఊళ్లో ఉండాలని నేను పట్టుబడతాను. ఇది పెద్ద కంపెనీల ఆడంబరమని కొందరు అంటారు. మన నగరం అనుభవించినదాన్ని మనమే మరిచిపోతే ఎలా అని నా ప్రశ్న.

విత్తనానికి నీటికంటే మొండి శత్రువు పురుగు. ఒక గోతానికి పట్టిన పురుగు, దానికి ఆనించి ఉన్న గోతానికి కూడా పాకుతుంది. రాన్సమ్‌వేర్ ప్రవర్తన అచ్చం ఇలాగే ఉంటుంది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించి ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, మన రాష్ట్ర పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్లు ఆపివేయమని అడిగే వారికి నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం. ఇలాంటి ప్రోగ్రాము సీ, డీలతో ఆగదు; ఆ క్షణంలో తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కునూ, నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్లనూ వెతికి, రాయడానికి వీలున్న ప్రతి చోటా తాళం వేసుకుంటూ పోతుంది. కాబట్టి కాపీ పూర్తికాగానే డిస్కును విప్పి పక్కన పెట్టాలి. రోజంతా తగిలించి ఉంచిన డిస్కు, పురుగు పట్టిన గోతానికి ఆనించిన విత్తనపు గోతమే.

"పోతే తిరిగి తీయించుకోవచ్చు కదా" అనేది నేను వినే మరో మాట. పాత హార్డ్ డిస్కుల విషయంలో ఆ ఆశకు కొంత ఆధారం ఉండేది. అందులో ఫైలును తొలగిస్తే దాని చిరునామా మాత్రమే పోతుంది. మరొకటి వచ్చి పైన రాసేవరకు అసలు సమాచారం అక్కడే ఉంటుంది. ఇప్పుడు వేగం కోసం అందరమూ ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే సమాచారం దాచే కొత్తరకం డిస్కులు, వేయిస్తున్నాము, నేనూ వేయిస్తున్నాను. వాటిలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. తొలగించిన భాగాలు ఇక అవసరం లేవని విండోస్ డిస్కుకు చెబుతుంది. డిస్కు తీరిక చూసుకుని వాటిని నిజంగానే చెరిపేస్తుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చినా తీయడానికి సాధారణంగా ఏమీ మిగలదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమని తోచే విషయానికి వస్తాను. రైతు విత్తనాన్ని దాచడంతో సరిపెట్టుకోడు. విత్తే ముందు వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, కొన్ని రోజుల తరువాత విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాడు. వేరుశనగకు విత్తన ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం కనీసం 70 శాతం మొలక రావాలి. మొలక చూడని గింజను నమ్మి పొలం దున్నడానికి ఏ రైతూ సిద్ధపడడు. మరి ఏళ్ల తరబడి తీసిన కాపీని ఒక్కసారైనా తెరిచి చూడని వ్యాపారులు ఎందరో ఉన్నారు. ప్రతి రాత్రీ కాపీ అయినట్టు తెరపై సందేశం వస్తూనే ఉంటుంది గాని, కాపీ అవుతున్నది వాడకంలో లేని పాత ఫోల్డరు కావచ్చు. డిస్కు నిండిపోయి నెలల కిందటే పని ఆగిపోయి ఉండవచ్చు. మరో కంప్యూటర్‌లో తెరిచి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

"ఈ సంవత్సరం ఒక్క రిపేరూ రాలేదు, మరి ఏఎంసీ సొమ్ము ఎందుకన్నా" అని ఏడాది నిర్వహణ ఒప్పందపు రుసుము గురించి అడిగేవారికి నా సమాధానం కూడా ఇక్కడే ఉంది. రిపేరు లేని నెలల్లో నేను చేసే పని ఈ మొలక పరీక్షే. జీఎస్‌టీ రిటర్నులలో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ గడువు కాబట్టి నెలనెలా రిటర్నులు వేసేవారందరి ఫోన్లూ ఆ రెండు తేదీల చుట్టూనే వస్తాయి. నేను ఒక్కడినే పనిచేస్తాను. 20వ తేదీ సాయంత్రం ఆదోనిలో ఉన్న మనిషి అదే సమయానికి కర్నూలులో ఉండడం సాధ్యం కాదు. అందువల్ల కాపీ ఎక్కడ ఉందో, ఎలా తెరవాలో కాగితం మీద తెలుగులో రాసి, పాస్‌వర్డ్‌లను కవరులో పెట్టి యజమానికే ఇస్తాను. అలా చేస్తే నీ అవసరం వారికి తగ్గిపోదా అని తోటివారు అడుగుతుంటారు. తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని ఖాతాదారును కట్టిపడేయడం ఈ వృత్తికి తగిన పని కాదని నా గట్టి అభిప్రాయం.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. జీఎస్‌టీ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలను భద్రపరచాలి. డీ డ్రైవ్ అన్నేళ్లు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సమయం మించిపోతున్నది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతినే నేను పాటిస్తాను: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి బయటి చోట. గూగుల్ డ్రైవ్‌తో సింక్ చేయడం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇక్కడ తొలగించిన ఫైలు అక్కడ కూడా చెత్తబుట్టలోకి వెళ్లి 30 రోజులకు మాయమవుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానిమీదే లెక్కలు రాస్తున్నవారు మార్పు గురించి ఆలోచించండి.

[తెరపై: ట్యాలీప్రైమ్ రీస్టోర్ పేజీ]

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీప్రైమ్ వాడేవారు ఆల్ట్, వై కీలు కలిపి నొక్కితే బ్యాకప్ (కాపీ తీయడం), రీస్టోర్ (కాపీ నుంచి లెక్కలు తిరిగి తెచ్చుకోవడం) రెండూ కనిపిస్తాయి. పరీక్ష కోసం రీస్టోర్ చేసేటప్పుడు కొత్త ఫోల్డరు సృష్టించి అందులోకే చేయాలి; పాత ఫోల్డరులోకే చేస్తే నేటి లెక్కల మీద పాత లెక్కలు వచ్చి పడతాయి. తెరిచిన తరువాత చివరి వోచరు తేదీనీ, ట్రయల్ బ్యాలెన్సునూ అసలుతో సరిచూడండి. ఈ పరీక్షకు 22వ తేదీ తరువాత, రిటర్నుల ఒత్తిడి లేని ఒక మధ్యాహ్నాన్ని ఎంచుకోండి.