సార్టెక్స్ మంచి బియ్యాన్ని తోసేస్తోందా? ముందు కంప్రెసర్ గదికి రండి

నమస్కారమండీ. నెల్లూరు పక్కన ఒక రైస్ మిల్లులో ఉన్నాను. వెనక మోత వినపడుతోంది కదా, స్క్రూ కంప్రెసర్ అది. కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి.

పొద్దున్నే ఇక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు. "అన్నా, సార్టెక్స్ నల్లగింజను వదిలేసి మంచి బియ్యాన్ని తోసేస్తోంది, కెమెరా పోయినట్టుంది" అని ఒకటే టెన్షన్. సార్టెక్స్ అంటే రంగు మారిన గింజల్ని కెమెరాతో కనిపెట్టి, గాలి దెబ్బతో పక్కకు తోసే మిషను. కెమెరాకేం కాలేదు. ఇదిగో, ఆ గాలి దెబ్బ వదిలే వాల్వు, ఎజెక్టర్ అంటారు, ఒకటి విప్పి పెట్టాను, దగ్గరగా చూడండి. లోపల ఈ ముద్ద కనిపిస్తోందా? వేలితో తీస్తే నూనెలో తవుడు కలిపినట్టు జిగురుగా వస్తోంది. ఈ వాల్వు రెప్పపాటు కంటే తక్కువ టైములో తెరుచుకుని మూసుకోవాలి. జిగురు పట్టాక ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈలోపు నల్లగింజ దాటిపోతుంది, వెనకొచ్చే మంచి గింజకు దెబ్బ తగులుతుంది.

ఈ జిగురు వచ్చింది గాలి లైన్లోంచే. పదండి, గదిలోకి పోదాం.

ముందు నీళ్ల లెక్క చెప్తాను. ఎడగారు వడ్లు వచ్చే రోజుల్లో మన ఉక్కపోత తెలిసిందే. 35 డిగ్రీల వేడి, గాలిలో 75 శాతం తేమ అనుకుందాం. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 100 సీఎఫ్ఎం (నిమిషానికి 100 ఘనపు అడుగుల) కంప్రెసర్ గంటకు 170 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది. అంటే గంటకు సుమారు 5 లీటర్ల నీళ్లు! పది గంటలు నడిపితే 50 లీటర్లు, మనం తాగే పెద్ద క్యాన్లు రెండున్నర. ఆ గాలిని 7 బార్ ప్రెజర్‌కి నొక్కి, కూలర్‌లో 40 డిగ్రీలకు చల్లారిస్తే అందులో నాలుగు లీటర్లు అక్కడే నీళ్లయిపోతాయి. మిగిలిన లీటరు ఆవిరిగా, గాలిని ఆరబెట్టే డ్రయ్యర్‌కి పోతుంది. డ్రయ్యర్ గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరిచి దాన్నీ చాలావరకు తీసేస్తుంది.

ఆ నాలుగు లీటర్లు బయటికి పోతున్నాయా లేదా? ట్యాంకు కింద కాక్ మెల్లగా తిప్పుతున్నాను. ముఖం పక్కకు పెట్టుకోండి. చూశారా, మజ్జిగలాగా తెల్లగా వస్తోంది. నీళ్లూ కంప్రెసర్ ఆయిలూ కలిసి అలా అయింది. పావుగంటైనా ఆగేలా లేదు. "ఆటో డ్రైన్ ఉంది కదన్నా" అంటున్నాడు మనవాడు. ఉంది. విప్పితే, నీళ్లు నిండగానే తేలి దారి తెరవాల్సిన లోపలి బుడ్డి తుప్పులో అతుక్కుపోయి ఉంది. ఎప్పటి నుంచో ఎవరికీ తెలీదు. నా లెక్కలో ఈ మిల్లు జబ్బు సగం ఇక్కడే ఉంది. ఖరీదైన ఫిల్టర్ కొనేముందు రోజూ పొద్దున ఈ కాక్ ఒకసారి తిప్పి చూడండి.

ఇక ఫిల్టర్లు. డ్రయ్యర్‌కి ముందు 1 మైక్రాన్‌ది ఒకటి, తర్వాత 0.01 మైక్రాన్‌ది ఒకటి. ఈ రెండోది నూనె తుంపరను పట్టి, చుక్కలుగా చేసి కిందికి దించుతుంది. ఆవిరైన నూనెను మాత్రం పట్టలేదు. మొదట్లో ఒక మిల్లులో నేనే ఈ ఫైన్ ఫిల్టర్‌ని వేడి గాలి లైన్లో, డ్రయ్యర్ ముందు బిగించాను. వేడికి నూనె ఆవిరిగా దాటిపోయి, చల్లారాక అవతల మళ్లీ చుక్కలైంది. ఓనర్ చేత మాటలు పడ్డాను. అందుకే గాలి చల్లబడ్డాకే దీన్ని పెట్టాలి.

ఫిల్టర్ లోపలి గొట్టం, అంటే ఎలిమెంట్ మారుద్దాం. రెండు వైపులా వాల్వులు కట్టేసి, ప్రెజర్ పూర్తిగా వదిలేయాలి. గిన్నె తిప్పేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తే అక్కడే ఆగండి, లోపల ఇంకా గాలి ఉన్నట్టే. పాతది చూడండి, టీ డికాషన్ రంగు. దీన్ని కడగకూడదు, గాలితో ఊదకూడదు, పారేయడమే. కొత్తదాన్ని అడుగు మూత దగ్గర పట్టుకోండి, చుట్టూ ఉన్న స్పాంజికి చేతి జిడ్డు తగలకూడదు. ఓ-రింగు నలగకుండా కూర్చోవాలి. గాలి వెళ్లే వైపు బాణం గుర్తు ఉంటుంది, అదీ చూసుకోండి.

ఫిల్టర్ మూసుకుపోతే ఎర్రలోకి వచ్చే పై గేజ్ పచ్చలోనే ఉంది కదా అంటారు. ఎలిమెంట్ చిరిగిపోయినా అది పచ్చే చూపిస్తుంది! అడ్డం లేనప్పుడు ఎర్రలోకి ఎందుకొస్తుంది? అందుకని గేజ్ ఎలా ఉన్నా, మామూలుగా 8000 గంటలకో, ఏడాదికో మార్చేయండి. ఎర్రలోకొస్తే అంతకుముందే మార్చాలి. మూసుకుపోయిన ఫిల్టర్ ఒక బార్ తినేస్తే, దాన్ని పూడ్చడానికి కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం ఎక్కువ లాగుతుంది.

గాలి లోపలికి పీల్చే ఫిల్టర్ గురించి ఒక్క మాట. ఈ గది కిటికీ తవుడు గది వైపే ఉంది. అది మూయించి, అవతలి గోడకు పెట్టిస్తున్నాం.

ఇప్పుడు లైన్ చివర తెల్ల గుడ్డ పట్టి కాసేపు గాలి వదులుతున్నాను. పొద్దున ఇదే పని చేస్తే పసుపు మరక పడింది. ఇదిగో, ఇప్పుడు తడి కూడా లేదు. పైన ఇంకా ఒక వరుస ఎజెక్టర్లు విప్పి తుడవాలి, కెమెరా కట్టేస్తున్నానండీ.