హార్న్‌బీమ్ కంచె: ముందు అడుగు, తర్వాతే ఎత్తు

శ్రోతలకు నమస్కారం.

యూరప్ లాంటి చలిప్రాంతాల్లో ప్రహరీగోడకు బదులు పచ్చని కంచె కావాలనుకునేవాళ్లు తరచూ ఎంచుకునే చెట్టు హార్న్‌బీమ్. శాస్త్రీయ నామం కార్పినస్ బెట్యులస్. వదిలేస్తే 20 మీటర్ల దాకా పెరిగే వృక్షమే అయినా, ఏటా కత్తెర పడుతుంటే మనం గీసిన గీత దగ్గర ఆగుతుంది. ఇంగ్లండులో హిడ్‌కోట్ అనే తోట ఉంది. అక్కడ హార్న్‌బీమ్ మానులను కింద బోసిగా ఉంచి, పైభాగాన్ని మాత్రం పెట్టెలా చదరంగా కత్తిరిస్తారు. పెరటి కంచెకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. ఆకు నేలదాకా నిండాలి. ఈ చెట్టుతో పడే పాట్లన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి.

మొక్కలు కొనేటప్పుడు బీచ్ అనే మరో చెట్టు మొక్కతో పొరబడే వీలుంది. బీచ్ ఆకు నున్నగా ఉంటుంది, అంచు అలల్లా వంపు తిరుగుతుంది. హార్న్‌బీమ్ ఆకుకు ఈనెలు లోతుగా దిగి, అంచున పెద్ద పళ్లూ వాటి మధ్య చిన్న పళ్లూ ఉంటాయి. ఆకు లేని కాలంలో మొగ్గ చూడండి. బీచ్ మొగ్గ సన్నగా, పొడుగ్గా, బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. హార్న్‌బీమ్ మొగ్గ పొట్టిగా కొమ్మకు అతుక్కుని ఉంటుంది. నేల బంకమట్టిదై, చలికాలంలో తడి ఆరకుండా ఉంటే బీచ్ జోలికి పోకండి. హార్న్‌బీమ్ దాన్ని ఓర్చుకుంటుంది. అలాగని నెలల తరబడి నీళ్లు నిలిచే గుంటలో దాన్నీ పెట్టకూడదు.

చవగ్గా దొరికేవి, త్వరగా కుదురుకునేవి మట్టి లేకుండా వేళ్లతో అమ్మే 40 నుంచి 60 సెంటీమీటర్ల మొక్కలు. నవంబరు నుంచి మార్చి లోపు, నేల గడ్డకట్టని రోజు చూసుకుని నాటాలి. వేళ్లు గాలికి ఆరితే మొక్క పోతుంది. నాటే క్షణం వరకు తడిగోనెలో చుట్టి ఉంచండి. అర మీటరు వెడల్పున, పార లోతున కందకం తవ్వి, గడ్డి వేళ్లు, తుంగ గడ్డలు ఏరేయాలి. ఒంటి వరుసైతే మీటరుకు 4 లేదా 5 మొక్కలు చాలు. ఒత్తుగా కావాలంటే రెండు వరుసలు వేయండి. వరుసల మధ్య 40, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు వదిలి, ఒక వరుసలోని సందుకు ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా చూడండి. నర్సరీలో మట్టి ఎంతవరకు ఉండేదో కాండం మీద మచ్చ కనిపిస్తుంది. దానికన్నా లోతుకు పాతకూడదు.

నాటిన రోజే పొడుగు కొమ్మలను మూడో వంతు మేర, ఒక మంచి మొగ్గకు పైన కత్తిరించాలి. ఎత్తు కోసమే డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. కానీ కొస మొగ్గ ఉన్నంతకాలం కింది మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. దాన్ని తీసేస్తేనే అడుగున పిలకలు లేస్తాయి. రెండో చలికాలంలో మరోసారి ఇదే చేయండి. ఆ తర్వాత పెరుగుదల ఏడాదికి 30 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి నష్టపోయేదేమీ లేదు.

మొదటి రెండు వేసవుల్లో వాన లేనప్పుడు వారానికోసారి, మీటరుకు 10 లీటర్ల చొప్పున నిదానంగా పోయండి. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే ఉండిపోతాయి. మొక్కకు చీడకన్నా పెద్ద శత్రువు పక్కనున్న గడ్డి. తేమంతా అదే తాగేస్తుంది. ఇరువైపులా 40 సెంటీమీటర్ల మేర గడ్డి లేకుండా చేసి, చివికిన ఆకు ఎరువును 5 సెంటీమీటర్ల మందాన పరవండి, కాండానికి తగలనివ్వకండి.

మొదటి చలికాలం ఆకులు గోధుమరంగుకు తిరిగి, రాలకుండా కొమ్మనే పట్టుకుని ఉంటాయి. చచ్చిపోయిందనుకుని పీకేసేవాళ్లున్నారు! బెరడును గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటుంది. కత్తిరించిన హార్న్‌బీమ్ కంచె లక్షణమే అది. ఆ ఎండాకులే చలికాలమంతా చాటుగా నిలిచి, కొత్త చిగురు వచ్చాక రాలతాయి.

ఎదిగిన కంచెకు ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు, అదీ ఆగస్టు రెండో సగంలో. అప్పటికి చిగుళ్ల జోరు తగ్గి ఉంటుంది కనుక గీత చెదరదు. వసంతంలో కత్తెర పడితే పిట్టగూళ్లకు ముప్పు. ఆగస్టులోనైనా పొద లోపల చూశాకే మొదలుపెట్టండి, ఆలస్యంగా పొదిగే పిట్టలూ ఉంటాయి. అడుగున వెడల్పు 70 సెంటీమీటర్లుంటే పైన 45 ఉండేలా పక్కలు ఏటవాలుగా రావాలి. రెండు కొసల్లో గుంజలు పాతి, పురికొస బిగించి, దాని వెంట కత్తిరించండి. పైభాగం వెడల్పైతే కిందికి ఎండ దిగదు, అడుగు కొమ్మలు ఎండిపోతాయి. అలా బోసిపోయాక ఎరువు వేసినా లాభం లేదు. తల కొసను మాత్రం అనుకున్న ఎత్తుకు 15 సెంటీమీటర్లు దిగువనే నరికితే, ఆ మిగిలిన జాగాలో కొమ్మలు చిక్కబడతాయి.

తెగుళ్లు తక్కువే. పొడి వేసవిలో బూడిద తెగులు కనిపిస్తే వేరుకు నీళ్లు అందలేదని గుర్తు. మందుకన్నా నీళ్లు ముందు. ఈనెల వెంట ఆకు ముడతలు పడితే అది ఒక రకం నల్లి పని. చూడ్డానికి బాగోదు గానీ చెట్టుకు హాని లేదు.

పాత కంచె మరీ వెడల్పైపోతే భయపడక్కర్లేదు. ముదురు కొమ్మ నుంచీ చిగురించే చెట్టు ఇది. చలికాలంలో ఒక పక్కను మానుకు దగ్గరగా నరికి, ఎరువూ నీళ్లూ ఇవ్వండి. అది బాగా చిగురించాకే, అంటే ఏడాదికో రెండేళ్లకో, రెండో పక్క ముట్టుకోవాలి. రెండు పక్కలూ ఒకేసారి నరికితే కోలుకోవడం కష్టం. మధ్యలో మొక్క చచ్చి సందు పడితే, అక్కడి పాత వేళ్లతో సహా మట్టి తీసి కొత్త మట్టి నింపాకే మరొకటి నాటండి. నాటే రోజునే నాలుగైదు మొక్కలు అదనంగా తోట మూలన పెట్టుకుంటే, అదే వయసు మొక్క చేతిలో సిద్ధంగా ఉంటుంది.