వాడా, అతనా, ఆయనా? కథలో చూపూ పాత్రా

అందరికీ నమస్కారం.

ఈ కార్యశాల కోసం మీరు పంపిన కథలన్నీ నిన్న రాత్రి మరోసారి చదివాను. అప్పులు, వలసలు, విడిపోయిన అన్నదమ్ములు, పిల్లలు విదేశాలకు వెళ్లాక ఒంటరిగా మిగిలిన తల్లులు... సంఘటనలకు ఏ కొదవా లేదు. కానీ ఆ సంఘటన ఎవరి కళ్లముందు జరుగుతోందో చాలా కథల్లో తెలియలేదు. అందుకే ఈ పూట దృష్టికోణం గురించే మాట్లాడదామని వచ్చాను. పాత్రచిత్రణ కూడా అందులోంచే పుడుతుందని నా నమ్మకం. ఆ రెంటినీ విడివిడి పాఠాలుగా చెప్పే పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చదు.

'నేను' అని చెప్పే ఉత్తమ పురుష, 'అతను', 'ఆమె' అని చెప్పే ప్రథమ పురుష, అందరి మనసులూ తెలిసి చెప్పే సర్వసాక్షి కథనం. ఈ పేర్లు మీకు తెలిసినవే. వాటిని పక్కన పెట్టి ఒక పల్లెవెలుగు బస్సు ఎక్కుదాం. మూడో సీట్లో ఒక పెద్దవయసు మనిషి కూర్చున్నాడు. కండక్టరు టికెట్ అడిగాడు. ఆ మనిషి జేబులు తడుముకున్నాడు, డబ్బు దొరకలేదు. ఇంతే సంఘటన. దీన్ని మూడు వాక్యాల్లో రాస్తాను, వినండి.

ముసలాడు జేబులు తడుముకున్నాడు.

తాతయ్య జేబులు తడుముకున్నాడు.

మాస్టారు జేబులు తడుముకున్నారు.

జరిగింది ఒకటే. మొదటి వాక్యంలో కండక్టరు ఉన్నాడు. వెనక ఇంకా ముప్పైమందికి టికెట్లు కొట్టాలి, వచ్చే స్టేజీలో చెకింగు వాళ్లు ఎక్కుతారేమోనన్న గుబులు ఉంది. రెండో వాక్యంలో పక్కనే కూర్చున్న మనవరాలు ఉంది. అందరూ తమవైపే చూస్తున్నారని ఆ పిల్లకు తల కొట్టేసినట్టుంది. మూడో వాక్యంలో రెండు సీట్ల వెనక ఒక పాత శిష్యుడున్నాడు. లేచి టికెట్ తీసుకుంటే మాస్టారు చిన్నబుచ్చుకుంటారేమో, ఊరుకుంటే తనకు మనసొప్పదు. చూశారా, మూడు కథలు మొదలైపోయాయి. ముసలాయన గురించి మనం కొత్తగా చెప్పిందేమీ లేదు. ఆయన్ని చూసేవాళ్లెవరో చెప్పాం. చూసేవాళ్లు తెలిసిన కొద్దీ ఆయన కూడా మనకు కనబడటం మొదలుపెట్టాడు.

ఇంగ్లీషు కథకుడికి మగమనిషైతే 'హి', ఆడమనిషైతే 'షి' చాలు. వాడుతున్నప్పుడు అతను పెద్దగా ఆలోచించనక్కర్లేదు. మనకా వెసులుబాటు లేదు. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, ఆవిడగారు. మొదటి వాక్యంలోనే వీటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే చెప్పేవాడి వయసు, కులం, చనువు, భయం, అన్నీ బయటపడిపోతాయి. 'ఆవిడ వచ్చింది' అనడానికీ 'ఆవిడ వచ్చారు' అనడానికీ మధ్య ఎంత దూరముందో కొత్తగా కాపురానికి వచ్చిన ఏ కోడలినడిగినా చెబుతుంది. దీన్ని కొందరు తెలుగుకు ఇబ్బంది అనుకుంటారు. కథకుడికి ఇంతకన్నా పదునైన పనిముట్టు ఇంకోటి ఉండదని నేనంటాను.

ఇప్పుడు రెండు కథలు చూద్దాం. మొదటిది గురజాడ 'దిద్దుబాటు'. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. గోపాలరావు వేశ్య పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనిపించదు. బల్లమీద ఉత్తరం దొరుకుతుంది. గురజాడ మనల్ని గోపాలరావును వదిలి కదలనివ్వడు. అతనికెంత తెలుసో మనకూ అంతే తెలుసు. కమలిని మంచం కిందే ఉందని అతనికి తెలియదు కాబట్టే మనకూ తెలియదు, చివర్లో ఆమె నవ్వు వినబడే దాకా. ఇంతసేపూ కథలో ఆమె మనకు కనిపించదు. అయినా కథంతా ఆమే నడిపిస్తుంది. ఆ ఉత్తరం ఎలా మొదలవుతుందో గుర్తుందా? భర్తను 'అయ్యా' అని పిలుస్తుంది. గోపాలరావుకు మొదట తగిలిన దెబ్బ ఆ పిలుపే. 'ప్రియా' అని పిలవాల్సిన మనిషి 'అయ్యా' అంది. కమలిని తెలివి, కోపం, ఎడం, అన్నీ ఆ ఒక్క సంబోధనలో ఉన్నాయి. ఆమె గుణగణాల గురించి ఒక పేరా రాసినా అంత పని జరిగేది కాదు.

రెండోది పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చాలాసార్లు తిరిగి వెళ్లే కథ ఇది. నియమాలతో, సిద్ధాంతాలతో బతికే రావుగారు రైల్లో వెళ్తుంటారు. ఒక బిచ్చగత్తె పెట్టెలోకి వస్తుంది. ఆమె చలాకీతనం ఆయనకు గిట్టదు. ఆ రాత్రి తుపానులో ఒక స్టేషన్లో చిక్కుకుపోయి ఆయన భయంతో వణికిపోతుంటే, ఆ బిచ్చగత్తే ఒంటి వెచ్చదనమిచ్చి నిలబెడుతుంది. తెల్లారేసరికి ఆమె శిథిలాల మధ్య చచ్చిపడి ఉంటుంది. చేతిలో ఆయన పర్సు.

ఇప్పుడు అడగండి: ఆమె ఆయన్ని దగ్గరకు తీసుకున్నది జాలితోనా, పర్సు కోసమా? కథలో జవాబు లేదు, ఎందుకంటే కథ రావుగారి చూపు దాటి వెళ్లదు. రచయిత ఆమె మనసులోకి ఒక్క వాక్యం మేరకు వెళ్లినా ఆ జవాబు తేలిపోయేది. దొంగ అనో, దయగలదనో ఏదో ఒక ముద్ర పడేది. వెళ్లలేదు కాబట్టి ఆమె రెండూ అయింది, మనిషైంది. రావుగారి చూపు ఇరుకైనది కాబట్టే ఆ ఇరుకు పగిలినప్పుడు మనకూ ఊపిరాడుతుంది. పాత్రను లోతుగా చూపించాలంటే దాని మనసులోకి దూరాలని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు గుమ్మం బయటే ఆగిపోవాలి.

మన భాష ఇచ్చిన ఇంకొన్ని చిన్న పనిముట్లున్నాయి. 'తను' అన్న మాట చూడండి. 'అమ్మ అతన్ని మర్చిపోయింది' అంటే ఎవరో బయటనుంచి చెబుతున్నారు. 'అమ్మ తనని మర్చిపోయింది' అనగానే ఆ కొడుకు గుండెలో కూర్చున్నాం. అలాగే 'అట'. 'పొలం అమ్మేశాడు' అన్నవాడు చూశాడు. 'పొలం అమ్మేశాడట' అన్నవాడు విన్నాడు, బహుశా నమ్మలేదు కూడా. ఊరి నోటితో చెప్పే కథకు ఆ రెండక్షరాలు ప్రాణం. ఇక మేము, మనం. 'మేము ఆ వీధిలోకి వెళ్లేవాళ్లం కాదు' అంటే పాఠకుడు బయట నిలబడ్డాడు. 'మనం' అంటే అతన్నీ ఆ తప్పులో కలుపుకున్నట్టే.

మీ కథల్లో ఒకదానిలో ఏడేళ్ల పాప కథ చెబుతోంది. నాన్న తాగొచ్చిన రాత్రి గురించి. చాలా బాగా నడుస్తూ, హఠాత్తుగా 'అమ్మ నిర్లిప్తంగా చూసింది' అని వచ్చింది. అక్కడ పాప వెళ్లిపోయి రచయిత వచ్చి కూర్చున్నారు. ఆ పాప 'అమ్మ గోడకేసి చూస్తా ఉంది, నేను పిలిస్తే కూడా చూళ్లేదు' అంటుంది. నిర్లిప్తత అన్న మాట పాపకు తెలియదు. కానీ ఆ చూపు మాత్రం ఆమె చూసింది. పాఠకుడికి ఆ మాట తనంతట తనకే తడుతుంది. అలా తట్టినప్పుడు పాపకన్నా తనకే ఎక్కువ తెలుసని తెలిసి అతనికి గుండె కలుక్కుమంటుంది. ఈ కథ రాసినవారికి చెబుతున్నాను: ఆ ఒక్క మాట తీసేయండి, మిగతాదంతా అలాగే ఉంచండి.

మరో కథలో అత్తగారిని మొదటి పేజీలో 'ఆవిడ' అన్నారు, రెండో పేజీలో 'ఆమె' అన్నారు, మళ్లీ 'ఆవిడ' అన్నారు. మార్పు తప్పని కాదు. కోడలి మనసు మారినచోట పిలుపు కూడా మారితే అదే కథ అవుతుంది. ఆసుపత్రిలో ఆ రాత్రి గడిచాక 'ఆవిడ' కాస్తా 'అత్తయ్య' అయితే, ఇక మీరు వేరే వివరణ రాయనక్కర్లేదు. కానీ చేయి అలవాటుగా రాసుకుపోతే మాత్రం పాఠకుడు కాళ్లకింద నేల కదిలినట్టు తడబడతాడు, ఎందుకో అతనికీ తెలియదు.

భోజనాలయ్యాక మీ కథలు ఒక్కొక్కటే తీద్దాం. ఈలోగా ఒక పని చేయండి. మొదటి పేజీలో ప్రతి సర్వనామం కింద, ప్రతి పిలుపు కింద పెన్సిల్‌తో గీత గీయండి. అలా పిలిచేది ఎవరో ఆ పక్కనే మార్జిన్లో పేరు రాయండి. పేరు తట్టని చోట ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీల దగ్గరనుంచే మొదలుపెడదాం.