ఏ స్థానంలో ఆడించాలని ఇప్పుడే అడగకండి

(గుంటూరులో వేసవి ఫుట్‌బాల్ శిబిరానికి వచ్చిన తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఎండ ఎక్కకముందే పిల్లల్ని లేపి గ్రౌండ్‌కి తీసుకొచ్చిన అమ్మలకీ నాన్నలకీ, పక్క మండలాల నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన పీఈటీ మాస్టార్లకీ మేడమ్‌లకీ ధన్యవాదాలు.

పేర్లు రాయించుకున్న రోజు ఒక నాన్నగారు అడిగారు. "సార్, మావాడు ఫార్వర్డ్ అంటారా, డిఫెన్స్ అంటారా?" పిల్లవాడికి తొమ్మిదేళ్లు. "ఇంకా చెప్పలేమండీ, అన్ని చోట్లా ఆడిద్దాం" అన్నాను. ఆయనకి తృప్తిగా లేదని మొహం చూస్తేనే తెలిసింది. ఆ మాట ఎందుకన్నానో ఆయనకీ మీకూ వివరంగా చెప్పాలనే ఈ సమావేశం పెట్టాం.

ముందు నా సంగతి చెబుతాను. పన్నెండేళ్లకే క్లాసులో అందరికన్నా నేనే పొడుగు. అది చూసి మా మాస్టారు నన్ను వెనక స్టాపర్‌గా, అంటే మన గోల్ ముందు అడ్డుకునే డిఫెండర్‌గా నిలబెట్టారు. "బంతి వస్తే ఆలోచించకు, బాదెయ్." నాకు దొరికిన శిక్షణ మొత్తం అంతే. నాలుగేళ్లు బాదాను. స్కూల్‌కి కప్పులు వచ్చాయి, మా ఇంట్లో సంబరపడ్డారు. పద్దెనిమిదో ఏట బెజవాడలో సెలక్షన్స్‌కి వెళ్లాను. అప్పటికి మిగతావాళ్లంతా నా ఎత్తుకి వచ్చేశారు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడమన్నారు. వెనక మనిషి మీదకొస్తుంటే బంతి అందుకుని తిరగడం నాకు చేతకాదు. ఎడమ కాలితో పది గజాల పాస్ ఇవ్వలేను. ఇరవై నిమిషాలకి బయటికి పిలిచారు. తిరుగు రైల్లో మంగళగిరి దాటేదాకా తల ఎత్తలేదు. ఆ మాస్టారు నా మేలు కోరినవారే, నన్ను కొడుకులా చూసుకున్నారు. కానీ ఆ నాలుగేళ్లూ మళ్లీ రావు.

అందుకే పొడుగు చూసి, బలం చూసి స్థానం తేల్చేయకండని బతిమాలుతున్నాను. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా సాగుతారు. ఆడపిల్లలు అంతకు ఇంచుమించు రెండేళ్ల ముందే సాగుతారు. ఒకరికి ముందు, ఒకరికి వెనక. ఏడో తరగతిలో భుజం దాకా రానివాడు ఇంటర్‌కి వచ్చేసరికి మనల్ని మించిపోవచ్చు. పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది. వయసు కటాఫ్ జనవరి 1 అయితే, జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పదేళ్ల పిల్లలకి ఏడాదంటే మాటలా? ఎన్నో దేశాల్లో చిన్న వయసు జట్లను లెక్కేసి చూస్తే ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. ఆట చూసి తీసుకున్నామనుకుంటాం, అక్కడ ఎత్తు గెలుస్తుంది. మన దగ్గర బడిలో వేసేటప్పుడు జూన్‌లో పుట్టినట్టు రాయించే అలవాటు కూడా ఉండేది కాబట్టి, కాగితం చూసి వయసు చెప్పడమూ కష్టమే.

ఇక ఇప్పటి ఆట సంగతి. 1992లో ఒక రూలు మారింది. సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. అప్పటిదాకా చేతులతో నడిచిపోయిన పనికి కాళ్లు కావలసి వచ్చాయి. 2019లో ఇంకో మార్పు వచ్చింది. తమ గోల్ ముందు నుంచి బంతిని మళ్లీ ఆటలోకి తన్నే గోల్ కిక్, గోల్ ముందున్న పెట్టె గీత (పెనాల్టీ ఏరియా) దాటి బయటికి రావాలన్న షరతు తీసేశారు. దాంతో స్టాపర్లు తమ గోల్ పక్కనే నిలబడి బంతి అందుకుంటున్నారు, ఎదుటి ఫార్వర్డ్‌లు అక్కడికే వచ్చి మీద పడుతున్నారు. వెనక అంచున ఆడే సైడ్ బ్యాక్ మధ్యలోకి వచ్చి మిడ్‌ఫీల్డర్‌లా ఆడుతున్నాడు. మన కబడ్డీలో కూతకి వెళ్లొచ్చినవాడే మరు నిమిషంలో ఎదుటివాడి కాలు పట్టాలి కదా, ఇప్పటి ఫుట్‌బాల్ అలా అయింది. "బాదెయ్" ఒక్కటే నేర్చుకున్నవాడికి ఈ ఆటలో చోటు లేదు.

ఇది పైదేశం నుంచి తెచ్చుకోవలసిన విద్యేమీ కాదు. హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం గారు డెబ్బై ఏళ్ల కిందటే చేసి చూపించారు. ఆయన కోచ్‌గా ఉండగా 1951లోనూ 1962లోనూ భారత్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్‌లో ఆయన వింత వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, అంటే బంతిని కాలితో నడిపించుకుంటూ పోకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. 1962లో జకార్తాలో జరిగింది వినండి. మన డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి గాయమై కుట్లు పడ్డాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు రహీం గారు. గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. 2-1తో గెలిచాం. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. డిఫెండర్ అన్న పేరుతోనే ఆ మనిషిని కట్టిపడేసి ఉంటే ఆ రెండు గోల్సూ వచ్చేవా?

మా శిబిరంలో మేమూ వారానికి ఒక రోజు వాటం లేని కాలితో మాత్రమే ఆడిస్తున్నాం. మొదటి రోజు పిల్లలు తెగ విసుక్కుంటారు. రెండో వారానికి అలవాటు పడతారు.

కాళ్లకన్నా ముందు కళ్లకి నేర్పాలి. నాలుగు స్తంభాలాట మీరంతా ఆడినవాళ్లే. స్తంభం వదిలే ముందు ఏం చేసేవాళ్లం? దొంగ ఎటు చూస్తున్నాడు, అవతలి స్తంభం దగ్గరున్నవాడు కదులుతున్నాడా లేదా, ఒక్క క్షణంలో చూసుకునేవాళ్లం. ఫుట్‌బాల్‌లో కావలసింది అదే చూపు. మన పిల్లలు వచ్చే బంతిని రెప్పవేయకుండా చూస్తారు. అందుకున్నాక తల ఎత్తుతారు, ఈలోపు ఎదుటివాడు వచ్చి లాక్కుపోతాడు.

మొన్న ఆరో తరగతి అమ్మాయి ఒకర్తెతో ఇలా చేశాను. ఎదురుగా ఒకరు బంతి పంపుతారు, నేను ఆమె వెనకాల పది అడుగుల్లో నిలబడి వేళ్లు చూపిస్తాను. బంతి కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి పదిసార్లూ వెనక్కి చూడనే లేదు. "బంతి పోతుంది సార్" అని భయం. "పోతే పోనీ తల్లీ, మళ్లీ తెచ్చుకుందాం" అన్నాను. పదిహేనోసారో ఏమో, భుజం మీదుగా చటుక్కున చూసి "మూడు" అంది. బంతి మాత్రం కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. నాలుగో రోజుకి "రెండు, ఎడమ చెయ్యి సార్" అంటూనే బంతిని పాదం లోపలి వైపుతో ఆపి, నేను లేని పక్కకి తిరిగిపోయింది. ఏ చెయ్యో చెప్పమని నేను అడగలేదు. ఆమె అంతట ఆమే చూసింది. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, ఇంటి మేడ మీద కూడా చేయించవచ్చు.

పీఈటీ మాస్టార్లకి ఒక మనవి. పదేళ్ల పిల్లల్ని పదకొండు మంది చొప్పున పెద్ద గ్రౌండ్‌లో దింపకండి. సగం మంది బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతారు. నలుగురు నలుగురుగా చిన్న స్థలంలో ఆడిస్తే ప్రతివాడి కాలికీ మాటిమాటికీ బంతి తగులుతుంది, ప్రతివాడూ దాడి చేయాలి, ప్రతివాడూ వెనక్కి పరుగెత్తాలి. పెద్ద గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పదేళ్లవాడు ఎంత ఎగిరినా ఆ బార్ అందుకోగలడా? పైనుంచి బంతి దూరిపోతే అది వాడి తప్పా? బంతి కూడా పన్నెండేళ్ల దాకా నాలుగో నంబరుదే తీసుకోండి. ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, చిన్న కాళ్లకి బరువు.

మీ ఇబ్బంది నాకు తెలుసు. అండర్-14లో జిల్లా కప్పు కొడితేనే బడిలో మాట చెల్లుతుంది. తల్లిదండ్రులకేమో పదో తరగతిలోపు సర్టిఫికెట్ కావాలి, ఇంటర్‌లో చేరాక ఉదయం నుంచి రాత్రి దాకా క్లాసులే కాబట్టి. ఈ తొందరలోనే పొడుగువాళ్లని వెనక, వేగంగా పరుగెత్తేవాళ్లని ముందు పెట్టేసి గెలుస్తున్నాం. ఆ సర్టిఫికెట్లు నిజమే, వాటి విలువా నిజమే. కానీ పదిహేనేళ్లకే ఆటలో నేర్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదన్నట్టు బూట్లు అటక మీద పడేసే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఒంటి సంగతి కూడా కాస్త పట్టించుకోండి. పొడుగు సాగే రోజుల్లో పిల్లలకి మోకాలి చిప్ప కింద, మడమ దగ్గర నొప్పులొస్తాయి, అడుగులు తడబడతాయి. అది బద్ధకం కాదు. పరుగులు, గెంతులు తగ్గించండి, నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఆడపిల్లలకి మోకాలి లోపలి లిగమెంట్ దెబ్బతినే అవకాశం మగపిల్లలకన్నా ఎక్కువ. ఫిఫా వాళ్లు తయారుచేసిన 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాల పని. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు తగ్గాయి. ఇవాళ ఆట అయ్యాక చేసి చూపిస్తాం. ఎండల్లో ఉదయం ఎనిమిది దాటితే ఆపేయండి. సీసాలో నీళ్లతో పాటు ఇంకో సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ పంపండి.

రేపు ఉదయం ఆరింటికి పన్నెండేళ్ల లోపువాళ్లకి మ్యాచ్‌లున్నాయి. ప్రతి పది నిమిషాలకీ స్థానాలు మారుస్తాం, గోల్‌కీపర్‌తో సహా. మీవాడు గోల్‌లో ఉన్నప్పుడు నాలుగు గోల్స్ పడవచ్చు. మీ అమ్మాయి ఎడమ కాలితో తన్నబోయి బంతి తప్పించుకోవచ్చు. గీత బయట నిలబడి "కొట్టు, కొట్టు" అని మాత్రం అరవకండి. ఆ కేకకి తల వంచుకుని బంతినే చూస్తారు, వెనకాల ఎవరున్నారో చూడటం మర్చిపోతారు. ఇంటికెళ్లేటప్పుడు బండి మీద ఎన్ని గోల్స్ కొట్టావని కాకుండా, ఇవాళ ఎక్కడెక్కడ ఆడావని అడగండి.