స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

హోస్ట్: సర్, 2025 జూన్‌లో ట్రంప్, మస్క్ బహిరంగంగా గొడవపడినప్పుడు మేమంతా దాన్ని రాజకీయంగానే చూశాం. మీరు మాత్రం చాలా టెన్షన్ పడ్డానన్నారు.

అతిథి: అవునమ్మా. మస్క్ కంపెనీలకిచ్చిన ప్రభుత్వ కాంట్రాక్టులు రద్దు చేస్తానని ట్రంప్ బెదిరించారు. అలాగైతే తన కంపెనీ స్పేస్‌ఎక్స్ నడిపే డ్రాగన్ వ్యోమనౌకను పక్కన పెట్టేస్తామని మస్క్ అన్నారు. కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారనుకోండి. కానీ అప్పటికి మనుషుల్ని అంతరిక్ష కేంద్రానికి చేర్చడానికి అమెరికా దగ్గర నమ్మకంగా నడుస్తున్న నౌక అదొక్కటే.

హోస్ట్: నాసా ఆ పనిని రెండు కంపెనీలకు ఇచ్చింది కదా?

అతిథి: ఇచ్చింది. 2011లో తమ స్పేస్ షటిల్ వ్యోమనౌకల్ని ఆపేశాక తొమ్మిదేళ్లు రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కున్నారు. ఇలా ఒకరి మీదే ఆధారపడకూడదని 2014లో బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల కాంట్రాక్టులు ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ బోయింగ్ స్టార్‌లైనర్‌లో వెళ్లారు. హీలియం లీకైంది, నౌకను నడిపే చిన్న ఇంజిన్లు, అంటే థ్రస్టర్లు మొరాయించాయి. తొమ్మిది నెలలకు వాళ్లు తిరిగొచ్చింది డ్రాగన్‌లోనే.

హోస్ట్: అంటే, ప్రైవేటుకు ఇవ్వడమే తప్పంటారా?

అతిథి: అనను. డ్రాగన్ లేకపోతే ఇంకా సోయజ్ సీట్లే దిక్కయ్యేవి. నా బాధ వేరు. ఉక్రెయిన్ సంగతే తీసుకోండి. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన రోజే ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వయాశాట్ మోడెమ్‌లను హ్యాక్ చేశారు. రెండు రోజులకు ఉక్రెయిన్ మంత్రి ఫెదొరోవ్ ట్విట్టర్‌లోనే మస్క్‌ని అడిగారు, స్పేస్‌ఎక్స్ ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ టెర్మినళ్లు వచ్చాయి. ఆ సాయం చాలా పెద్దది. అదే ఏడాది క్రిమియాలో రష్యా నౌకల మీద దాడి కోసం కవరేజీ కావాలని అడిగితే మాత్రం ఇవ్వలేదు. యుద్ధం ముదురుతుందని భయపడ్డానని ఆయనే తర్వాత చెప్పారు. ఆ భయం నిజమే కావచ్చమ్మా. కానీ ఆ నిర్ణయం ప్రజలు ఎన్నుకున్నవాళ్లు తీసుకోవాల్సింది!

హోస్ట్: 2024 నవంబరులో మన సమాచార ఉపగ్రహం జీశాట్-ఎన్2 కూడా స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 మీదే వెళ్లింది కదా సర్?

అతిథి: వెళ్లింది. బరువు 4,700 కిలోలు. మన ఎల్‌వీఎం3 రాకెట్ అది వెళ్లాల్సిన కక్ష్యకు మోయగలిగేది సుమారు నాలుగు టన్నులే. దానికి నేను కంగారుపడను. రాకెట్ వదిలేశాక ఆ ఉపగ్రహాన్ని కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న ఇస్రో నియంత్రణ కేంద్రం చేతిలోకి తీసుకుంది. అక్కడ మనం కొన్నది ఒక ప్రయాణం. స్టార్‌లింక్ లాంటి సేవ కొంటే స్విచ్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. సరిహద్దు సైన్యానికో, తుపాను సహాయక చర్యలకో దాన్నే నమ్ముకుంటామంటే నాకు భయం.

హోస్ట్: యూరప్ ఇలాంటి ఉపగ్రహ వ్యవస్థను సొంతంగా కట్టుకుంటోందిగా?

అతిథి: ఐరిస్ స్క్వేర్. దాదాపు 290 ఉపగ్రహాలు, 2024 డిసెంబరులో ఒప్పందం అయింది. అందుబాటులోకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు కొనే ప్రతి సేవకూ ఒప్పందంలోనే రాయించుకోవాలి: ఏ పరిస్థితిలో ఆపవచ్చు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఆపితే ఎవరికి జవాబు చెప్పాలి. సంతకం పెట్టాక అడిగితే కుదరదు.