రాయిని తడిపి చూడండి

శ్రోతలకు నమస్కారం. ఇంటి ముందు బాటకో, గుమ్మం మెట్లకో రాయి వేయిద్దామనుకోగానే ఏ రంగు బావుంటుందని అడుగుతాం. నన్నడిగితే రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ఓ సీసాడు నీళ్లు పట్టుకెళ్లి నచ్చిన బండ మీద పోయండి. తడిస్తే రంగెలా మారుతుందో అక్కడే తెలిసిపోతుంది, నీళ్లు చుక్కలుగా నిలబడ్డాయా, లేక గబగబా లోపలికి ఇంకిపోయాయా అన్నదీ కనబడుతుంది. నీళ్లను అంతలా పీల్చే రాయి రేపు బురద మరకల్నీ, నూనె మరకల్నీ అలాగే పీల్చేస్తుంది. ఆ తడి మీదే చెప్పుకాలు పెట్టి కాస్త జరపండి. జారిందా, ఎంత మెరిసినా సరే వదిలేయండి.

గ్రానైట్ గట్టిది కదా, ఇంకేం భయం అంటారు. గట్టిదే. కానీ అద్దంలా పాలిష్ పెట్టిన గ్రానైట్ మెట్టు మీద నాలుగు చినుకులు పడితే పెద్దవాళ్లకి ప్రతి అడుగూ టెన్షనే. అదే రాయిని పైన మంటతో కాల్చి కూడా ఇస్తారు, ఫ్లేమ్డ్ ఫినిష్ అంటారు. వేడికి రాయిలోని క్వార్ట్జ్ రేణువులు ఉబ్బి, పైపైన సన్నటి పెచ్చులు ఎగిరిపోయి, కాలికి పట్టు దొరికేంత గరుకు మిగులుతుంది. బయటికి అదే తీసుకోండి.

మార్బుల్ మాత్రం గుమ్మం బయట వద్దనే అంటాను. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద మార్బుల్ 3 దగ్గర ఉంటే, చెప్పులకంటుకుని వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ 7. వచ్చేపోయేవాళ్లంతా దాన్ని గీస్తూనే ఉంటారన్నమాట. పైగా మార్బుల్ గానీ సున్నపురాయి గానీ పులుపుకి తట్టుకోలేవు, నిమ్మరసం చుక్క పడినా ఆ చోట మెరుపు పోతుంది, ఇక యాసిడ్ పోసి కడిగితే చెప్పక్కర్లేదు.

సరే, రాయి కుదిరింది. బాట పాడైతే చాలాసార్లు తప్పు రాయిది కాదు, కింద నేలది. మట్టి మీద ఇంత ఇసుక చల్లి బండ పరిచేస్తే, వానలకి ఒక మూల కుంగి, అడుగేసినప్పుడల్లా టకటకమని ఊగుతూ సందులోంచి బురదనీళ్లు కాళ్ల మీదికి చిమ్ముతుంది. 15 నుంచి 20 సెంటీమీటర్లు తవ్వించండి, 10 సెంటీమీటర్ల కంకర పోయించి దిమ్మిస కొట్టించండి, ఆపైన 3 సెంటీమీటర్ల ఇసుక, దాని మీద బండ. దిమ్మిస దగ్గర మేస్త్రీ తొందరపడతాడు, పక్కనే నిలబడండి. వాలు ఇంటి గోడ నుంచి బయటికే ఉండాలి, మీటరుకి ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు చాలు. ఇసుక మీద పరిచిన బండల సందుల్లో సిమెంటు పోయించకండి, బండ కాస్త కదిలినా అది పగులుతుంది. ఇసుకో, చిన్న గులకరాళ్లో నింపితే నీళ్లూ ఇంకుతాయి.

గడ్డిలో విడివిడిగా బండలు వేసేటట్టయితే ఒక బండ మధ్య నుంచి ఇంకో బండ మధ్యకి సుమారు 60 సెంటీమీటర్లు. అయినా ఓసారి మామూలుగా నడిచి అడుగులు గుర్తుపెట్టుకోవడమే మేలు, ఇంట్లో అందరికన్నా పొడుగాయన చేత మాత్రం నడిపించకండి, మిగతావాళ్లు గంతులేయాల్సొస్తుంది. ఇంకో మాట. 60 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ బండ దాదాపు 50 కిలోలు తూగుతుంది. ఒక్కరే ఎత్తబోకండి. నమస్కారం.