హ్యాక్‌బెర్రీయా, షుగర్‌బెర్రీయా?

వ్యాఖ్యాత: అమెరికాలోని మెంఫిస్ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా పెరట్లో పెద్ద చెట్టుంది. పక్కింటివాళ్లు హ్యాక్‌బెర్రీ అంటారు, మా వారు షుగర్‌బెర్రీ అంటారు. చెట్టు మొదలు దగ్గర లేచిన పిలక ఆకు చూస్తే అంచుకి రంపం పళ్లున్నాయి. అంటే హ్యాక్‌బెర్రీయే కదండీ?

నిపుణుడు: రెండూ దగ్గరి చుట్టాలైన అమెరికా చెట్లే. కానీ పిలకని నమ్మకండమ్మా. షుగర్‌బెర్రీకి కూడా లేత మొక్కల మీద, పిలకల మీద రంపం పళ్లున్న ఆకులొస్తాయి. చాలామంది పొరబడేది అక్కడే. కాయలున్న కొమ్మ నుంచి ఆకు తెంపి చూడండి.

శ్రోత: పెరట్లోనే ఉన్నానండీ, ఒక్క నిమిషం... ఇది సన్నగా, పొడుగ్గా ఉంది. అంచుకి పళ్లు లేవు. పైన నున్నగా ఉంది.

నిపుణుడు: కాయల రంగు?

శ్రోత: నారింజ రంగు. కొన్ని ఎర్రబడుతున్నాయి.

నిపుణుడు: అయితే షుగర్‌బెర్రీ వైపే మొగ్గుతాను. హ్యాక్‌బెర్రీ ఆకు ఇంకా వెడల్పు, సగం నుంచి కొన దాకా పళ్లు, పైన తరచు గరుకు. పండు బాగా పండితే ముదురు ఊదా రంగు, 7 నుంచి 11 మిల్లీమీటర్లు. షుగర్‌బెర్రీ పండు 5 నుంచి 8 మధ్య. బెరడు మీద బుడిపెలు రెండింటికీ ఉంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకోవద్దు. మీ ప్రాంతంలో రెండూ పెరుగుతాయి, రెండూ కలిసిన సంకరాలూ పుడతాయి. అందుకే ఆకు, కాయ కలిపి చూడమంటాను.

శ్రోత: ఆకుల మీద బొడిపెల్లాంటివి కూడా ఉన్నాయండీ. చెట్టు కొట్టించేయమంటున్నారు.

నిపుణుడు: అయ్యో, వద్దమ్మా! సిల్లిడ్ అనే చిన్న పురుగు ఆకులో చేరడం వల్ల వచ్చేవి అవి. చెట్టుకి పెద్ద హాని లేదు, మందు కూడా అక్కర్లేదు. హ్యాక్‌బెర్రీ ఎంపరర్ అనే సీతాకోకచిలుక పిల్లలు ఈ జాతి చెట్ల ఆకులు తినే బతుకుతాయి. చలికాలంలో ఈ పండ్ల కోసం వాక్స్‌వింగ్ పిట్టలొస్తాయి. దయచేసి ఉంచండి.

శ్రోత: ఉంచుతామండీ. మిన్నెసోటాలో ఉన్న మా అమ్మాయి దీని గింజలు అడుగుతోంది. పంపనా?

నిపుణుడు: ఈ గింజలొద్దు. షుగర్‌బెర్రీ దక్షిణాది పల్లపు నేలల చెట్టు, అక్కడి చలికి ఆగదు. హ్యాక్‌బెర్రీ అయితే కెనడా దక్షిణ భాగం దాకా సహజంగానే పెరుగుతుంది. హ్యాక్‌బెర్రీ శాస్త్రీయ నామం సెల్టిస్ ఆక్సిడెంటాలిస్; ఆ పేరు రాసున్న మొక్క అక్కడి నర్సరీలోనే కొనుక్కోమనండి.